మోకాలి ఆపరేషన్ తర్వాత ట్యాబ్‌లో వీడియో తీసి డిగ్రీలు చెప్తాండారు, నమ్మొచ్చా?

కొర్లగుంట_అక్క:
మాది తిరుపతి. మా అమ్మకి మోకాలి చిప్ప మార్చినారు, ఇప్పుడు ఇంటి దగ్గర ఒక ఫిజియో సెంటర్‌కి తీస్కపోతా ఉండాం. అక్కడ కుర్చీలో కూర్చోబెట్టి కాలు వంచమని ట్యాబ్‌లో వీడియో తీస్తారు, కాలి మీద చుక్కలు గీతలు పడి ఎన్ని డిగ్రీలు వంగిందో చూపిస్తాది. పోయిన వారం 104, ఈ వారం 92 అంట! చూస్తే ముందుకంటే బాగానే వంగతా ఉండాది, కానీ ఆ నంబరు విన్నప్పట్నించి అన్నం కూడా సరిగ్గా తినడంల్యా. అలిపిరి మెట్లెక్కి పోతానని మొక్కుంది లెండి, 3550 మెట్లు, ఇప్పుడే కాదమ్మా అంటే వింటేనా. పైగా ఈ వీడియోకి డబ్బులు వేరే. నిజంగా తగ్గినట్టా?

ఫిజియో_చిత్తూరు:
అక్కా, అమ్మ చీరలో ఉన్నారా? ఆ ట్యాబ్‌కి ఎముక కనపడదు, బొమ్మ చూసి తుంటి, మోకాలు, చీలమండ ఎక్కడుంటాయో అంచనా వేస్తాది అంతే. కుచ్చిళ్లు అడ్డమొస్తే మోకాలి చుక్క పోయి గుడ్డ మీద కూర్చుంటాది. మేమైతే చీర మోకాలి పైకి మడిచి, కెమెరా సరిగ్గా పక్కనుంచి, మోకాలి ఎత్తులో పెడతాం. అయినా గోనియోమీటర్ (కోణం కొలిచే స్కేలు) పెట్టి చేత్తో కూడా కొలుస్తా, అందులో కూడా ఇద్దరు కొలిస్తే ఒక 5 డిగ్రీలు అటూ ఇటూ వస్తాది. మామూలు నడకకి 60 దాకా వంగితే చాలు, కాబట్టి 92కి దిగులు పడాల్సిన పన్లేదు. వాపు, నొప్పి పెరిగి వంగడం తగ్గితే మాత్రం ఆపరేషన్ చేసిన డాక్టర్‌కి చూపించండి.

పలమనేరు_కోడర్:
పెద్ద ల్యాబుల్లో ఒంటికి మెరిసే చిన్న బంతులు అతికించి చుట్టూ ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలు పెడతారు, నేలలో బరువు కొలిచే ప్లేట్లు ఉంటాయి, అదంతా లక్షల్లో పని. ట్యాబ్‌లో వచ్చేవి గూగుల్ వాళ్ల మీడియాపైప్ సాఫ్ట్‌వేర్ లాంటివి, ఒంటి మీద 33 చుక్కలు గుర్తుపడతాది. ఒక్క కెమెరా అంటే ఫ్లాట్ బొమ్మే కదా, కాలు కొంచెం బయటికి తిరిగినా కోణం మారిపోతాది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు వీడియోతో కదలికలు కొలిచేదానికి చేసిన ఓపెన్‌క్యాప్ అందుకే కనీసం రెండు ఐఫోన్లు పెట్టి త్రీడీ చేస్తాది. ప్రతిసారీ అదే కుర్చీ, అదే దూరం, అదే బట్టలు ఉంటేనే పోయిన వారం నంబరు పక్కన పెట్టి చూడండి, లేకుంటే రెండూ కలపొద్దు.

పీలేరోడు:
అంత కొట్టిపారేయకండన్నా. మా నాయనకి పక్షవాతం వచ్చినాక నడుముకీ పిక్కలకీ సెన్సర్లు కట్టి వరండాలో నడిపించినారు, పంచె కట్టుకున్నా దానికి ఇబ్బంది లేదు. ఎడమ అడుగు పొట్టిగా పడతా ఉందని, తిరిగేటప్పుడు తడబడతా ఉండాడని గ్రాఫ్‌లో తెలిసింది, అంతకుముందు మేమందరం చూస్తానే ఉన్నాం గానీ ఎవురూ పట్టుకోలా. ఆ తర్వాత తిరిగేది ఒక్కటే రోజూ ప్రాక్టీస్ చేయించినారు.

ఫిజియో_చిత్తూరు:
అది నిజం, నడక తీరు చూడ్డానికి బాగా పనికొస్తాది. అక్కా, ఇంట్లో ఇది చేసి చూడండి: కుర్చీలోంచి లేచి 3 మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవాలి, సెల్‌లో టైమ్ పెట్టండి. 12 సెకన్లు, అంతకంటే ఎక్కువైతే పడిపోయే రిస్క్ ఉన్నట్టు లెక్క. ఆపరేషన్ కొత్తల్లో ఎక్కువే వస్తాది, వారం వారం తగ్గతా ఉందా అనేది చూసుకోండి చాలు.

కొర్లగుంట_అక్క:
అవును తమ్ముడూ, ఈసారి చీరే, పోయినసారి నైటీ! వాకర్‌తో చేయించొచ్చా?

ఫిజియో_చిత్తూరు:
చేయించొచ్చు, వాకర్‌తో అని రాసి పెట్టుకోండి, ఎవరో ఒకరు పక్కనే నిలబడాల.