డెలిగేట్, డెప్యూట్, నామినేట్, అసైన్: అన్నిటికీ "నియమించు" సరిపోతుందా?

బొబ్బిలి_రాతకోతలు:
ఆఫీసు కాగితాలు తెలుగులో పెట్టేటప్పుడు ఒక చిక్కు వస్తోంది. అపాయింట్, నామినేట్, డెప్యూట్, డెలిగేట్, అసైన్, ఏది వెతికినా నిఘంటువులో "నియమించు" లేదా "నియోగించు" అనే ఉంటోంది. ఒకదాని బదులు ఇంకోటి రాస్తే అర్థం మారిపోతుందా? మాటల పుట్టుక కూడా తెలిస్తే చెప్పండి, గుర్తుంటుంది.

అరసవల్లి_చదువరి:
మారుతుందండి. ఒక్కో మాట వెనక ఒక్కో పని ఉంది.

అపాయింట్ పాత ఫ్రెంచి మాట. "ఆ పాయింట్", అంటే ఒక బిందువు దగ్గరికి తెచ్చి తేల్చెయ్యడం. అందుకే డాక్టరు దగ్గర తీసుకునే టైముకీ, ఉద్యోగానికీ ఒకే మాట. డిసప్పాయింట్ అంటే మొదట్లో పదవి నుంచి తీసెయ్యడమే. నిరాశ అనే అర్థం తర్వాత వచ్చింది.

నామినేట్‌లో ఉన్నది లాటిన్ "నోమెన్", అంటే పేరు. పేరు చెప్పడం వరకే దాని పని, పదవి ఇవ్వడం కాదు. నామనిర్దేశం అన్న మన మాట దీనికి అచ్చంగా సరిపోతుంది.

డెప్యూట్ పుట్టుక ఇంకా బాగుంటుంది. లాటిన్ "పుటారే" అంటే మొదట కొమ్మలు కత్తిరించి శుభ్రం చెయ్యడం, తర్వాత లెక్క తేల్చడం, ఆ తర్వాత తలచడం. యాంప్యుటేషన్, కంప్యూటర్ రెండూ దీని పిల్లలే. డెప్యూట్ అంటే ఫలానా పనికి ఫలానా మనిషి అని లెక్కలో కేటాయించడం. రాజాం బడిలో పోస్టు ఉన్న టీచరు చీపురుపల్లిలో డిప్యుటేషన్‌పై పనిచేస్తే, మనిషి కదిలాడు గానీ పోస్టు రాజాంలోనే ఉంది. దాన్ని "నియామకం" అని రాస్తే తప్పు.

డెలిగేట్‌లో కదిలేది మనిషి కాదు, అధికారం. "లెగారే" అంటే అధికారమిచ్చి పంపడం. ఇది లీగల్‌కి మూలమైన "లెక్స్"కి, అంటే చట్టం అనే మాటకి, చుట్టం. అధికారం కిందివాడికి అప్పగించినా జవాబుదారీ పైవాడిదే. నేనైతే "అధికార అప్పగింత" అని రాస్తాను.

దస్తావేజు_దారి:
అసలు నష్టం జరిగేది అసైన్, నామినేట్ కలిపేసిన చోట. జీవిత బీమా విషయంలో బీమా చట్టం 38వ సెక్షన్ అసైన్‌మెంటు, 39వ సెక్షన్ నామినేషన్. అసైన్ చేస్తే పాలసీ మీద హక్కే చేతులు మారుతుంది, పాత నామినేషన్ దానంతటదే రద్దవుతుంది. అప్పు కోసం అసైన్ చేస్తే మాత్రం నామినేషన్ నిలుస్తుంది, అప్పు మేరకే నామినీకి తగ్గుతుంది.

నామినీ అంటే వారసుడని చాలామంది అనుకుంటారు. డబ్బు తీసుకునే చెయ్యి మాత్రమేనని, హక్కు వారసులదేనని సుప్రీంకోర్టు 1984లో శర్బతీ దేవి కేసులో చెప్పింది. 2015 సవరణ తర్వాత జీవిత బీమాలో తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే లబ్ధి వాళ్లదే అని చట్టంలో చేరింది. బ్యాంకు డిపాజిట్‌కి దాన్ని వర్తింపజెయ్యకండి.

అసైన్‌లో మూలం "సిగ్నుమ్", అంటే గుర్తు. గుర్తు పెట్టి కేటాయించడం. మన అసైన్డ్ భూములు అలా వచ్చినవే, పేదలకి ప్రభుత్వం గుర్తించి ఇచ్చినవి. వాటి అమ్మకాన్ని నిషేధించింది 1977 చట్టం. బీమాలో అసైన్ అంటే హక్కు బదిలీ కాబట్టి రెంటికీ ఒకే తెలుగు మాట పెట్టకూడదు. బీమాకి "బదలాయింపు", భూమికి "కేటాయింపు" రాయండి.

బొబ్బిలి_రాతకోతలు:
చాలా ఉపయోగమండి. పవర్ ఆఫ్ అటార్నీ తీసుకున్నవాడు దాన్ని ఇంకొకరికి అప్పగించొచ్చా?

దస్తావేజు_దారి:
కాగితంలో ఆ అధికారం రాసి లేకపోతే మామూలుగా కుదరదు. "డెలిగేటస్ నాన్ పొటెస్ట్ డెలిగారే", అప్పగింత పొందినవాడు మళ్లీ అప్పగించలేడు. 1872 కాంట్రాక్ట్ చట్టం 190వ సెక్షన్‌కి పునాది ఇదే. వ్యాపార వాడుక గానీ పని స్వభావం గానీ ఒప్పుకుంటేనే మినహాయింపు. ఇచ్చినవారు చనిపోతే 201వ సెక్షన్ ప్రకారం మామూలు జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఆగిపోతుంది. జీపీఏ మీద కొన్నంత మాత్రాన స్థలం సొంతం కాదని 2011లో సుప్రీంకోర్టు తేల్చింది. అది రాసేటప్పుడు "అమ్మకం" అన్న మాట దగ్గరకి రానివ్వకండి.

పాత_ఫైళ్లు:
అటార్నీ కూడా ఫ్రెంచిదే, "ఒకరి వైపు తిప్పబడినవాడు" అని అర్థం. దానికి మన పాత దస్తావేజుల్లో ముఖ్తారునామా ఉంది. ముఖ్తార్ అంటే అరబ్బీలో ఎంచుకోబడినవాడు. కొత్త మాట కట్టనక్కర్లేదు. గుమాస్తా అన్నా పారశీకంలో "నియమించబడినవాడు" అనే. నాయబ్ అంటే డిప్యూటీ, దాని బహువచనం నుంచి వచ్చిందే నవాబు. శ్రీకాకుళం సర్కారు లెక్కల్లో తిరిగిన మాటలివి, వాడితే పెద్దవాళ్లకి వెంటనే తెలుస్తాయి.

టెక్కలి_ఓటరు:
ప్రాక్సీ మర్చిపోయారు. లాటిన్ "ప్రొక్యూరారే", అంటే ఒకరి తరఫున చూసుకోవడం, దాన్నుంచి వచ్చిన ప్రొక్యురసీ అరిగిపోయి ప్రాక్సీ అయింది. సైన్యంలో ఉన్నవాళ్ల ఇళ్లు మన వైపు చాలా ఉన్నాయి కాబట్టి ఇది పనికొస్తుంది. క్లాసిఫైడ్ సర్వీస్ ఓటరు, అంటే ప్రాక్సీని ఎంచుకునే సైనిక ఓటరు, ఫారం 13ఎఫ్‌తో తన బదులు ఓటేసే ప్రాక్సీని పెట్టుకోవచ్చు. ఆ మనిషి ఆ నియోజకవర్గంలోనే ఉండాలి, ఓటరు జాబితాలో పేరు ఉండి తీరాలని లేదు. ఆయన తరఫున వేసిన ఓటుకి ఇంకు ఎడమచేతి నడిమి వేలికి పెడతారు, చూపుడువేలికి కాదు. తన ఓటు తను వేసుకోవడానికి ఆ వేలు ఖాళీగా ఉండాలి. తెలుగులో "ప్రతినిధి ఓటరు" అంటే ఎమ్మెల్యే అనుకుంటారు. "బదులు ఓటరు" అని రాయండి.