అప్‌డేట్: గోడౌన్‌లో స్టాక్ తేడాలు చూసే పార్ట్‌టైమ్ పని

ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో మాస్టర్స్ చదువుతూ గోడౌన్‌లో స్టాక్ తేడాలు చూసే పనిలో చేరాలా, మామూలు పికింగ్‌కే (ఆర్డర్ల ప్రకారం అరల్లోంచి సరుకు తీసే పని) వెళ్లాలా అని అడిగాను కదా. చేరిపోయాను.

పికర్‌కి అరలో సరుకు దొరక్కపోతే ఆ అర నంబరు మా స్కానర్‌కి వస్తుంది. వెళ్లి లెక్కపెట్టాలి. సిస్టమ్‌లో ఎంతుందో ముందే చూపించరు. చూపిస్తే అదే అంకె కొట్టేస్తాం, మనుషులం కదా! తేడా వస్తే ఇంకొకరు మళ్లీ లెక్కపెట్టాకే సరిచేస్తారు. పోయిందనుకున్నది చాలాసార్లు పక్క అరలోనే ఉంటుంది. అసలు తలనొప్పి పెట్టెలతో: 12 సబ్బుల పెట్టెను దించుకునేటప్పుడు సిస్టమ్‌లో ఒక్క సబ్బుగా రాసేస్తారు. అందుకే ముందు సరుకు దిగిన రోజు రికార్డు చూడమన్న అన్నయ్య సలహా భలే పనికొచ్చింది.

బరువులు మోయడం తక్కువ, నడక ఎక్కువ. బూట్ల దగ్గర పిసినారితనం వద్దు.

స్టూడెంట్ వీసాకి టర్మ్‌లో (క్లాసులు నడిచే కాలంలో) వారానికి 20 గంటలే పని చేయాలి. మాస్టర్స్ వాళ్లకి వేసవిలో డిజర్టేషన్ (చివరి పరిశోధన వ్యాసం) రాసే కాలం కూడా మామూలుగా టర్మ్ కిందే లెక్క. షిఫ్టులు ఖాళీ ఉన్నాయని సూపర్‌వైజర్ ఎంత ఊరించినా నేను దాటట్లేదు.