మీటరు ముల్లుతో గడియారం: మూవింగ్ కాయిల్ మీటర్లు, నానో, డీఎస్3231. చేసినవాళ్లు కొలతలతో సహా రాయండి

కావలి_కాయిల్:
మూడు ప్యానెల్ మీటర్ల మీద గంటలు, నిమిషాలు, సెకన్లు చూపించే గడియారం కట్టాలి. చేతిలో ఉన్న సరుకు: పాత ఫ్రిజ్ స్టెబిలైజర్లలోంచి ఊడదీసిన 0–300 వోల్టుల మీటర్లు రెండు, ఆర్డ్వినో నానో ఒకటి, డీఎస్3231 మాడ్యూలు (టైము లెక్కపెట్టే చిప్పు) ఒకటి. స్టెబిలైజరు మీటర్లు పనికొస్తాయా? నానో పిన్ను నుంచి మీటరుకు నేరుగా వైరు లాగొచ్చా? మధ్యలో కెపాసిటర్ కావాలా?

ఒంగోలు_ముల్లు:
ముందు స్కేలు చూడు తమ్ముడూ. గీతలు మొదటి నుంచి చివరిదాకా ఒకే ఎడంతో ఉంటే లోపలుండేది మూవింగ్ కాయిల్ (అయస్కాంతం మధ్య తీగచుట్ట తిరిగే రకం). మొదట్లో ఇరుక్కుపోయి పోనుపోను విడిపోతే మూవింగ్ ఐరన్. రెండోది పాత సామాన్లవాడికి ఇచ్చెయ్, ఈ పనికి రాదు.

స్టెబిలైజర్లలో రెండు రకాలూ వస్తాయి. మూవింగ్ కాయిల్ అయితే కాయిల్‌కు ముందు ఒక డయోడు, పెద్ద విలువ రెసిస్టరు ఉంటాయి. అవి రెండూ తీసేసి కాయిల్ కొసలు బయటికి తెచ్చుకో. తర్వాత 1.5 వోల్టుల పెన్సిల్ సెల్లుకు సిరీస్‌లో 100 కే (కిలో ఓముల) రెసిస్టరు పెట్టి తాకించు. కదలిక కనపడకపోతే 10 కే. 10 కేతో పారేది 0.15 మిల్లీ ఆంపియర్. 1 మిల్లీ ఆంపియర్ మీటరైతే (అంత కరెంటుకు ముల్లు చివరిదాకా వెళ్లేది) ముల్లు స్కేల్లో ఏడో వంతు దాకా లేస్తుంది. సెల్లు తిప్పి పెడితే సున్నా కిందికి నొక్కుకోవాలి.

మల్టీమీటరు ఓమ్స్‌లో పెట్టి కాయిల్ కొలవబోకండి. 200 ఓమ్స్ రేంజిలో మల్టీమీటరే దాదాపు 1 మిల్లీ ఆంపియర్ తోస్తుంది. 100 మైక్రో ఆంపియర్ మీటరైతే ముల్లు వెళ్లి స్టాపరుకు కొట్టుకుని వంగుతుంది.

పొదలకూరు_సోల్డర్:
నేరుగా వైరు లాగావా, మీటరు కథ కంచికే. కాయిల్ 100 ఓములు అనుకో, 5 వోల్టులకు 50 మిల్లీ ఆంపియర్లు. అంటే 1 మిల్లీ ఆంపియర్ మీటరు పూర్తి స్కేలుకు 50 రెట్లు, నానో పిన్ను గరిష్ఠ పరిమితి 40 కూడా దాటింది. ఒక్క దెబ్బకు రెండూ పోతాయి.

లెక్క చిన్నదే. 5 వోల్టులు, 1 మిల్లీ ఆంపియర్, కాబట్టి మొత్తం 5 కే. 3.9 కే ఫిక్స్‌డ్ రెసిస్టరు, దానికి సిరీస్‌లో 2 కే మల్టీటర్న్ ప్రీసెట్ (చాలా చుట్లు తిప్పి విలువ సర్దుకునే రెసిస్టరు). ఒక్క తిప్పుడు ప్రీసెట్ వద్దు, వేలు వణికితే రెండు నిమిషాలు పోతుంది. ఫిక్స్‌డ్‌ది మెటల్ ఫిల్మ్ 1 శాతం తీసుకో. కాయిల్ రాగితీగ కదా, ఎండకు రెసిస్టెన్స్ పెరగదా అంటారు. పెరుగుతుంది, డిగ్రీకి 0.39 శాతం. 20 డిగ్రీలు వేడెక్కితే 100 ఓములు 108 అవుతాయి. 5,000లో 8 ఎంత? 60 నిమిషాల స్కేలు మీద ఆరు సెకన్ల తేడా. కంటికి ఆనదు.

కాయిల్‌కు అడ్డంగా రెండు 1ఎన్4148 డయోడ్లు ఎదురెదురుగా వెయ్యి. మామూలుగా కాయిల్ మీద ఉండేది 0.1 వోల్టే, డయోడ్లు నిద్రపోతుంటాయి. పొరపాటున ఎక్కువ వోల్టేజి వచ్చినా 0.7 దగ్గర ఆపుతాయి.

కెపాసిటర్ అవసరం లేదు. నానో పిన్ను ఇచ్చేది ఆగి ఆగి వచ్చే పల్సులు (పీడబ్ల్యూఎమ్), సెకనుకు 490 పల్సులను ఏ ముల్లూ వెంబడించలేదు, సగటు దగ్గర నిలబడిపోతుంది. పెట్టాలనే ఉంటే పిన్ను తర్వాత 1 కే, ఆ తర్వాత గ్రౌండుకు 10 మైక్రోఫారడ్, అక్కడి నుంచి మిగతా 4 కే (ప్రీసెట్‌తో కలిపి). పిన్ను మొదట్లోనే కెపాసిటర్ కట్టొద్దు, ప్రతి పల్సుకూ పిన్ను నుంచి ఒక్కసారిగా కరెంటు గుంజుతుంది.

ట్రంకురోడ్డు_బెంచి:
అన్నిటికంటే ఎక్కువమంది పడే గుంట చెప్తా. నానోకు యూఎస్‌బీతో కరెంటిస్తే బోర్డు మీది డయోడు దగ్గర కొంత పోతుంది, 5 వోల్టుల పిన్ను మీద 4.6, 4.7 దగ్గర ఉంటుంది. అది పెద్ద బాధ కాదు, ప్రీసెట్ తిప్పి సర్దుకోవచ్చు. చార్జరు మార్చిన రోజు, పక్క సాకెట్లో ఇంకోటి గుచ్చిన రోజు అది కదులుతుందే, అదీ బాధ. 2 శాతం తగ్గిందంటే 59 దగ్గర ఉండాల్సిన ముల్లు 58 కిందికి దిగిపోతుంది. కోడ్ తప్పనుకుని రాత్రంతా కోడ్‌లో వెతుకుతారు.

మందు: 9 వోల్టుల అడాప్టరు, 7805 (5 వోల్టుల రెగ్యులేటరు), ఇన్‌పుట్‌కు 0.33, అవుట్‌పుట్‌కు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు, అక్కడి నుంచి నానో 5 వోల్టుల పిన్నుకు. 7805 కచ్చితంగా 5 ఇస్తుందని కాదు, 4.8 నుంచి 5.2 మధ్య ఏదైనా ఇవ్వొచ్చు. కానీ ఇచ్చినదాన్ని పట్టుకుని ఉంటుంది. మనక్కావాల్సింది ఆ స్థిరత్వమే, మిగతాది ప్రీసెట్ చూసుకుంటుంది. మొత్తం సర్క్యూట్ 40 మిల్లీ ఆంపియర్లు కూడా తాగదు, 7805లో పోయేది 0.16 వాట్లు, హీట్‌సింక్ అక్కర్లేదు. దాని ట్యాబ్ గ్రౌండే కాబట్టి మైకా వాషరూ అక్కర్లేదు, మైకా గనులున్న గూడూరు, సైదాపురం వాళ్లు కోప్పడొద్దు. కోడ్ ఎక్కించేటప్పుడు మాత్రం అడాప్టరు పీకెయ్యండి.

0–5 వోల్టుల రెడీమేడ్ మీటరు కొన్నవాళ్లకు: రెసిస్టరు దాని పొట్టలోనే ఉంటుంది, ప్రీసెట్ పెట్టినా ముల్లును తగ్గించగలరు తప్ప పెంచలేరు. 4.5 వోల్టుల దగ్గర 60 వచ్చేట్టు కొత్త స్కేలు గీసుకోవడమే తేలిక.

కనిగిరి_ఎండ:
డీఎస్3231 ఉంది కాబట్టి సరిపోయింది. డీఎస్1307 ఉన్నవాళ్లు మా వైపు ఎండకు అది పెట్టకండి. దాని 32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టల్ 25 డిగ్రీల దగ్గర సరిగ్గా ఉంటుంది, వేడెక్కినా చల్లబడినా నెమ్మదే అవుతుంది. రోహిణి కార్తెలో గదిలో 45 డిగ్రీలు ఉందంటే వేడికే రోజుకు సెకను పైన వెనకబడుతుంది, క్రిస్టల్‌కు మొదటి నుంచీ ఉన్న తేడా దానికి అదనం. 3231 వేడి కొలుచుకుని తనే సర్దుకుంటుంది. 0 నుంచి 40 డిగ్రీల మధ్య ఏడాదికి మహా అయితే దాదాపు ఒక నిమిషం తేడా.

ఇంకోటి. బజార్లో దొరికే నీలం రంగు 3231 మాడ్యూలు మీద 200 ఓముల రెసిస్టరు, ఒక డయోడు కలిసి బ్యాటరీకి చార్జింగ్ దారి ఉంటుంది. అది చార్జి చేసుకునే ఎల్ఐఆర్2032 బిళ్ల కోసం. మనం వేసే మామూలు సీఆర్2032 చార్జింగ్‌కు పుట్టలేదు, ఉబ్బుతుంది, కారుతుంది. ఆ రెసిస్టరు ఊడదీశాకే బిళ్ల పెట్టండి.

కావలి_కాయిల్:
అందరికీ దండాలు. ఒక మీటరు మూవింగ్ ఐరన్ అని తేలింది, పక్కన పెట్టేశా. రెండోది మంచిది. కొత్తవి రెండు 1 మిల్లీ ఆంపియర్‌వి తెచ్చా. ఇప్పుడు బ్రెడ్‌బోర్డు మీద నిమిషాల మీటరు వింతగా ఉంది. గంట మొదలైన రెండు నిమిషాలు ముల్లు బుద్ధిగా కదులుతుంది, తర్వాత ఒక్కసారిగా చివరికి ఎగురుతుంది. నిమిషాలను 60తో గుణించి సెకన్లు కలిపి, దాన్ని 255తో (పీడబ్ల్యూఎమ్ గరిష్ఠ విలువ) గుణించి 3600తో భాగిస్తున్నా.

పొదలకూరు_సోల్డర్:
సరిగ్గా 2 నిమిషాల 9వ సెకనుకు ఎగురుతుంది, చూసుకో. నానోలో ఇంట్ (కోడ్‌లో మామూలు పూర్ణాంకం) 32,767 దాకే పట్టుద్ది. 128ని 255తో గుణిస్తే 32,640, లోపలే ఉంది. 129తో 32,895, పాత్ర పొంగి రుణసంఖ్య అయిపోయింది. 255 అని రాసినచోట 255 పక్కన ఎల్ అక్షరం పెట్టు, ఇంకా పెద్ద అంకెలు పట్టే లాంగ్ లెక్క అవుతుంది.

పిన్నులు ఏవి వాడావు? 5, 6 అయితే మార్చు. మిల్లిస్ (కోడ్‌లో మిల్లీ సెకన్ల లెక్క) నడిపే టైమరే వాటినీ నడుపుతుంది, సున్నా రాసినా పూర్తిగా ఆగకపోవచ్చు, 00 దగ్గర ముల్లు కాస్త పైకే నిలబడుతుంది. గంటలకు 9, నిమిషాలకు 10, సెకన్లకు 3 పెట్టు. ఏ4, ఏ5 మాడ్యూలుకు పోతాయి.

ఒంగోలు_ముల్లు:
కోడ్‌లో ఇంకో రెండు పనులు. ఒకటి, 59 నుంచి 00కి ముల్లును వదిలేయొద్దు. సెకన్ల మీటరులో రోజుకు 1,440 సార్లు స్టాపరుకు ఠంగుమని కొట్టుకుంటుంది. అర సెకనులో పది పదిహేను మెట్లుగా దించు. రెండు, గంటల ముల్లు గంటకోసారి గెంతకూడదు, నిమిషాల వంతు కలిపి నెమ్మదిగా జరగాలి. అప్పుడు స్కేలు ఎడమ కొసన 12, కుడి కొసన కూడా 12 రాసుకోవాలి. 12:30కి ఎడమ 12కు, 1కి మధ్యలో ఉంటుంది. ఎడమ కొసన సున్నా వేస్తే ఇంట్లోవాళ్లు రోజూ అడుగుతారు.

కొత్తపట్నం_గాలి:
స్కేలు మార్చేటప్పుడు: బల్ల మీద ఇనప రజను లేకుండా తుడుచుకోండి. ఒక్క పొడి అయస్కాంతం సందులో దూరిందంటే ముల్లు అక్కడే తట్టుకుంటుంది. పాత ప్లేటు స్కాన్ చేసి, కొత్త గీతలు గీసి, 100 శాతం సైజులో ప్రింటు తీసి, ప్లేటు వెనకవైపు అంటించండి, పాత స్కేలు చెడదు. తడి ఫెవికాల్ వద్దు, కాగితం ఉబ్బి ముల్లుకు రాసుకుంటుంది. గ్లూ స్టిక్ చాలు. బోర్డు మీద ఫ్లక్స్ మిగలనివ్వకండి, ఐసోప్రొపైల్‌తో కడగండి. మా ఉప్పుగాలికి అది పచ్చబడి లీకేజీ మొదలవుతుంది.

కావలి_కాయిల్:
255 ఎల్ పెట్టగానే కుదిరింది. ఇప్పుడు ముల్లు 35 దగ్గర కాస్త తట్టుకుంటోంది. ఒక్కోసారి అద్దం తుడిచాక ఎక్కడబడితే అక్కడ ఆగుతోంది.

కొత్తపట్నం_గాలి:
అవి రెండు వేర్వేరు జబ్బులు. అద్దం తుడిచాక వచ్చేది స్టాటిక్. పొడిగుడ్డతో రుద్దితే ప్లాస్టిక్ ముల్లును గుంజుతుంది. సబ్బునీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడువు, పోతుంది. 35 దగ్గరది: గోటితో మీటరును తట్టు. తట్టగానే జరిగితే కాగితం ఉబ్బెత్తో, రజనో.

ట్రంకురోడ్డు_బెంచి:
ప్రీసెట్లు ఇప్పుడే బిగించి కూర్చోవద్దబ్బా. మీటర్లను డబ్బాలో నిలువుగా బిగించాకే చివరి సర్దుడు. పక్కపక్కన పెడితే ఒకదాని అయస్కాంతం ఇంకోదాన్ని లాగొచ్చు, ముందు పలక ఇనప రేకైతే రీడింగే మారుతుంది. చెక్కో యాక్రిలిక్కో వాడు. బిగించాక కరెంటు లేకుండా ముందు స్క్రూతో సున్నా, తర్వాత 255 పంపి ప్రీసెట్‌తో 60, ఆ తర్వాత 10, 20, 30, 40, 50ల దగ్గర ముల్లు నిలిచే పీడబ్ల్యూఎమ్ విలువలు రాసుకుని కోడ్‌లో పట్టిక పెట్టు, మధ్యవి అదే లెక్కగడుతుంది. చవక మీటర్లు మధ్యలో ఒక నిమిషం దాకా తప్పు చూపిస్తాయి, పట్టికతో సరిపోతుంది.

కార్గోలో ఎవరికైనా పంపేటట్లయితే మీటరు రెండు టెర్మినళ్లను వైరుముక్కతో కలిపి కట్టు. దారిలో ఊగినా కాయిలే బ్రేకు వేసుకుంటుంది.