జింక తిన్న కాగితం: నాయనమ్మకు ఏం చెప్పాలి?

మాది బరంపురం. మా నాయనమ్మకు 93 ఏళ్లు. ఆమె అన్నయ్య పని కోసం రంగూన్ వెళ్లి, అక్కడ నేతాజీ సైన్యం ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరారు. తిరిగి రాలేదు. మా గంజాం వైపు నుంచి బర్మా వెళ్లి జాడ లేకుండా పోయినవాళ్లు చాలామందే ఉన్నారు.

నేను అండమాన్ వెళ్తున్నానని తెలిసి, ఆయన పేరు తెలుగులో రాసిన కాగితం, బంతిపూల దండ ఇచ్చింది. 1943 డిసెంబర్ 30న నేతాజీ జెండా ఎగరేసింది అక్కడే కదా, ఆ గడ్డ మీద పెట్టి దణ్ణం పెట్టమంది.

ఒకప్పటి రాస్ ద్వీపం, 2018లో నేతాజీ పేరు పెట్టినది, అక్కడికి పడవలో వెళ్లాను. జపాన్‌వాళ్ల బంకర్ దగ్గర దండ, కాగితం పెట్టి కళ్లు మూసుకున్నాను. కళ్లు తెరిచేసరికి ఒక చుక్కల జింక దండ నములుతోంది! కాగితం కూడా దాని నోట్లోనే. వెంటపడ్డాను, దొరకలేదు. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఇంతలో పడవవాళ్ల పిలుపు.

ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. "పెట్టావా నాన్నా?" అని రోజూ అడుగుతోంది. పెట్టానన్నాను, అది నిజమే. మిగతాది చెప్పాలంటే టెన్షన్‌గా ఉంది. చెప్పేయమంటారా?

మణిపూర్‌లోని మొయిరాంగ్‌లో ఫౌజ్ స్మారకం ఉంది. వెళ్లినవాళ్లుంటే, అక్కడ పూలు పెట్టనిస్తారా? సైనికుల పేర్లు ఏ రికార్డుల్లో వెతకాలి? దయచేసి చెప్పండి. ఆమె ఉండగానే చేయాలి.