కేఏ నంబర్ కారుకి రెసిడెంట్ పార్కింగ్ స్టిక్కర్ ఇవ్వరట, టీజీకి మార్చాల్సిందేనా?

కొండాపూర్_అద్దెవాసి:
బెంగళూరు నుంచి వచ్చి కొండాపూర్ దగ్గర గేటెడ్ కమ్యూనిటీలో అద్దెకి దిగాం. కారు 2021లో కొన్న పెట్రోల్ బండి, కేఏ 03 నంబర్, ఆర్‌సీ నా పేరు మీదే. ఫ్లాట్‌కి సెల్లార్‌లో ఒక స్లాట్ ఉంది, ఓనర్ దాన్ని మాకే ఇచ్చారు. అసోసియేషన్ వాళ్లేమో "టీజీ నంబర్ అయితేనే రెసిడెంట్ స్టిక్కర్, అప్పటిదాకా విజిటర్ కిందే" అంటున్నారు. విజిటర్ అంటే రోజూ గేటు దగ్గర రిజిస్టర్‌లో రాయడం, రాత్రి బండి బయట పెట్టడం.

అలా అనే హక్కు వాళ్లకి ఉందా? నంబర్ మార్చడానికి చట్టం ఎంత గడువు ఇస్తుంది? మార్చాలంటే ముందు ఏ ఊళ్లో మొదలుపెట్టాలి? అక్కడ కట్టిన లైఫ్ ట్యాక్స్ వెనక్కి వస్తుందా? తెలిసినవాళ్లు చెప్పగలరు.

సెల్లార్_బీ2:
స్టిక్కర్ సంగతి ముందు చెప్తాను, అది తేలిక.

మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 46 ప్రకారం ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండి దేశమంతా చెల్లుతుంది. వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితేనే కొత్త నంబర్ తీసుకోవాలని సెక్షన్ 47 చెప్తుంది. ఆ గడువు ముగిశాక 30 రోజుల్లోపు దరఖాస్తు పెట్టుకోవాలి. దీన్ని అడగాల్సింది రవాణా శాఖ, అసోసియేషన్ కాదు. అసోసియేషన్ అడగగలిగింది ఒక్కటే: ఈ బండి ఈ ఫ్లాట్‌లో ఉండేవాళ్లదేనా అని. దానికి ఆర్‌సీ చాలు.

అలాగని సెక్షన్లు పట్టుకుని సెక్రటరీ మీదికి వెళ్తే పని కాదు. ఆయన భయం వేరే: ఎవరిదో తెలియని బండి సెల్లార్‌లో ఏళ్ల తరబడి దుమ్ముకొట్టుకుపోతుందేమోనని. కాబట్టి ఒకే ఉత్తరంలో అన్నీ పెట్టి ఇవ్వండి. స్లాట్ నంబర్ రాసి ఉన్న అద్దె ఒప్పందం, "ఈ స్లాట్ అద్దెదారు వాడుకోవచ్చు" అని ఫ్లాట్ ఓనర్ సంతకం, ఆర్‌సీ, నడుస్తున్న ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, హైదరాబాద్ వచ్చిన తేదీ, ఆ తేదీ నుంచి 12 నెలలు దాటకుండా నంబర్ మార్పు దరఖాస్తు పెడతానని ఒక వాక్యం. అప్పటిదాకా చెల్లేలా తాత్కాలిక స్టిక్కర్ అడగండి. చాలా కమ్యూనిటీల్లో దీనికి ఒప్పుకుంటారు, ఎందుకంటే చేతిలో తేదీ ఉన్న కాగితం ఉంటుంది.

ఒప్పందంలో "పార్కింగ్‌తో సహా" అని మాత్రమే ఉంటే సరిపోదు. స్లాట్ నంబర్ ఉండాలి. లేకపోతే ఓనర్‌తో ఒక అనుబంధ పత్రం రాయించుకోండి. తర్వాత పక్క స్లాట్ వాళ్లతో పేచీ వచ్చినా అదే కాపాడుతుంది.

ఇంకోటి, స్టిక్కర్‌ని బండి నంబర్‌తో కాకుండా ఫ్లాట్, స్లాట్ నంబర్లతో ముడిపెట్టమనండి. లేకపోతే టీజీ నంబర్ వచ్చాక మళ్లీ ఈ తతంగమంతా మొదటికొస్తుంది.

ఫారం28:
నంబర్ మార్పు పని అక్కడే, అంటే బెంగళూరులోనే మొదలవుతుంది. ఆ ఆర్టీఓ ఎన్‌ఓసీ (బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అభ్యంతరం లేదనే పత్రం) ఇవ్వకుండా ఇక్కడ ఏమీ కదలదు.

కేంద్ర రవాణా శాఖ పరివాహన్ పోర్టల్‌లో కర్ణాటక ఎంచుకుని, బండి నంబర్ కొట్టి, ఎన్‌ఓసీ దరఖాస్తు పెట్టాలి. ఓటీపీ ఆర్‌సీతో ముడిపడిన మొబైల్‌కి వెళ్తుంది. షోరూమ్ వాళ్లు అప్పట్లో వాళ్ల నంబర్ ఇచ్చేసి ఉంటే అక్కడే ఆగిపోతారు, ముందు మొబైల్ అప్‌డేట్ చేసుకోవాలి. ఎంతమంది ఇక్కడ చిక్కుకుంటారో చెప్పలేం.

దరఖాస్తు ఫారం 28. దానితో ఒరిజినల్ ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్, అడ్రస్ ప్రూఫ్, లోన్ ఉంటే బ్యాంకు రాతపూర్వక అంగీకారం కావాలి. ఫారం మీద చాసిస్ నంబర్ పెన్సిల్ ప్రింట్ అడుగుతారు. మూడు నాలుగు ప్రతులు తీసుకుని అన్నింటి మీదా ప్రింట్ తీసి పెట్టుకోండి. చాలా కార్లలో ఆ నంబర్ ముందు పాసింజర్ సీటు కింద, కార్పెట్‌లో చిన్న మూతలా కోసిన చోట ఉంటుంది. కొన్నింటిలో బానెట్ తెరిస్తే ఇంజిన్ వెనక గోడ మీద కనిపిస్తుంది. తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, పల్చటి కాగితం కదలకుండా టేపు అంటించి, మెత్తటి పెన్సిల్‌ని పడుకోబెట్టి ఒకే దిక్కున రుద్దాలి. అటూ ఇటూ రుద్దితే అంకెలు అలుక్కుపోతాయి. మొత్తం 17 అక్షరాలూ రావాలి. అందులో ఇంగ్లిష్ అక్షరాలు ఐ, ఓ, క్యూ వాడరు. ఓ లా కనిపించేది సున్నా, ఐ లా కనిపించేది ఒకటి. ఆన్‌లైన్‌లో నింపేటప్పుడు ఇది పొరపాటు పడితే ఇక్కడ తనిఖీలో చాసిస్ నంబర్ కలవదు.

"ఏ ఆర్టీఓకి" అనే గడి అసలు చిక్కు. హైదరాబాద్ అనగానే ఖైరతాబాద్ ఎంచుకుంటారు. ఒక్కో ఆఫీసుకి ఒక్కో కోడ్: ఖైరతాబాద్ 09, సికింద్రాబాద్ 10, మలక్‌పేట 11. మీ కొండాపూర్ రంగారెడ్డి జిల్లా, 07 కింద వస్తుంది. ఎన్‌ఓసీ మీద ఒక ఆఫీసు, అడ్రస్ ప్రూఫ్‌లో ఇంకో ఆఫీసు పరిధి ఉంటే వెనక్కి పంపిస్తారు. అప్పుడు ఎన్‌ఓసీ సరిచేయించడానికి మళ్లీ బెంగళూరు. కాబట్టి ఆధార్‌లో ఇక్కడి అడ్రస్ ముందే మార్చుకుని, దాన్ని బట్టి ఆఫీసు తేల్చుకోండి.

పెండింగ్ చలాన్లు ఉంటే ఎన్‌ఓసీ రాదు. ఈ-చలాన్ సైట్‌లో ఇంజిన్ లేదా చాసిస్ నంబర్‌తో చూసుకుని అన్నీ కట్టేయండి, రెండు రాష్ట్రాలవీ. కట్టాక రికార్డులో పోవడానికి కొంత సమయం పడుతుంది, రసీదు దాచుకోండి.

ఎన్‌ఓసీ మీద 30 రోజుల్లో జవాబివ్వకపోతే ఇచ్చినట్టే లెక్క అని సెక్షన్ 48లో ఉంది. ఆచరణలో దాన్ని నమ్ముకోకండి. రికార్డులో ఎన్‌ఓసీ కనిపించకుండా ఇక్కడి కౌంటర్‌లో ఎవరూ ఫైలు ముట్టరు. ఆ సెక్షన్ అక్కడి ఆఫీసుకి గుర్తుచేయడానికి పనికొస్తుంది, అంతే.

ఒకసారి ఎన్‌ఓసీ వచ్చాక పాత ఆఫీసులో ఆ బండి మీద వేరే ఏ పనీ జరగదు. మనసు మారితే రద్దు చేయించడానికి, ఆ ఎన్‌ఓసీని ఇక్కడ వాడలేదని ఇక్కడి ఆర్టీఓ నుంచి కాగితం పట్టుకెళ్లాలి. అందుకే ఏడాదిలోపు బెంగళూరు తిరిగి వెళ్లే అవకాశం ఏమాత్రం ఉన్నా ఈ పనికి దిగొద్దనేది నా మాట. తాత్కాలిక స్టిక్కర్‌తో నెట్టుకురండి.

కొండాపూర్_అద్దెవాసి:
చాలా థాంక్స్ అండీ ఇద్దరికీ. లోన్ కిందటేడాది తీరిపోయింది, కానీ ఆర్‌సీ మీద బ్యాంకు పేరు ఇంకా అలాగే ఉంది. అది ఇక్కడికి వచ్చాక తీయించుకోవచ్చా, లేక అక్కడేనా?

ఫారం28:
అక్కడే, ఎన్‌ఓసీకి ముందే. ఆర్‌సీ మీద బ్యాంకు పేరు తీయించే ఫారం 35 రెండు ప్రతుల మీద బ్యాంకు సంతకం, ముద్ర ఉండాలి, దానితోపాటు లోన్ తీరిన ఉత్తరం. ఆ ఉత్తరాలకి సాధారణంగా మూడు నెలల గడువు రాసి ఉంటుంది. కిందటేడాదిది అంటే గడువు దాటే ఉంటుంది, బ్యాంకులో కొత్తది అడగండి. తీయించకుండా వస్తే ఏమవుతుందంటే, బ్యాంకు పేరు కొత్త ఆర్‌సీలోకి కూడా వచ్చేస్తుంది, పైగా ఎన్‌ఓసీకే బ్యాంకు అంగీకారం కావాలంటారు. తీరిపోయిన లోన్‌కి అంగీకారం ఇవ్వమంటే బ్యాంకులో అర్థం చేసుకునేవాళ్లు దొరకడం కష్టం.

లోన్ ఇంకా నడుస్తున్నవాళ్ల సంగతి వేరు. వాళ్లు బ్యాంకుని "వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి ఎన్‌ఓసీ" అనే మాట వాడి అడగాలి. ఊరికే ఎన్‌ఓసీ అంటే లోన్ మూసేసే లెక్క చేతిలో పెడతారు.

పన్నులపద్దు:
డబ్బు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి.

ముందు ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మొత్తం కట్టాలి, ఆ తర్వాతే అక్కడ రీఫండ్ అడగాలి. వరుస తిరగబడదు. అంటే కొన్నాళ్లు రెండు రాష్ట్రాల పన్నూ మీ జేబులోంచే పోయి ఉంటుంది, దానికి సిద్ధపడండి.

ఇక్కడి పన్ను బండి కొత్తప్పటి ధర మీద, వయసుని బట్టి తగ్గించి లెక్కేస్తారు. మీరు అమ్మితే ఎంత వస్తుందనే దానితో సంబంధం లేదు. అందుకే షోరూమ్ ఇన్వాయిస్ కావాలి. పోయి ఉంటే డీలర్ దగ్గర నకలు తీసుకోండి, చాసిస్ నంబర్ చెప్తే దొరుకుతుంది. మీ పేరు మీద తెలంగాణలో ఇప్పటికే ఒక కారు ఉంటే రెండో బండికి రేటు ఎక్కువ పడుతుంది.

కొన్నాళ్లు ఆగితే ఇక్కడి పన్ను తగ్గుతుంది కదా అని లెక్కలు వేసేవాళ్లున్నారు. అక్కడి రీఫండ్ కూడా బండి వయసుతోనే తగ్గుతుంది. ఆగి మిగుల్చుకునేది పెద్దగా ఏమీ ఉండదు.

రీఫండ్‌కి వెళ్లాల్సింది మీ పన్ను తీసుకున్న పాత ఆర్టీఓకే. టీజీ ఆర్‌సీ నకలు, ఇక్కడ కట్టిన పన్ను రసీదు, ఎన్‌ఓసీ నకలు, పాత ఆర్‌సీ నకలు, అక్కడ కట్టిన పన్ను రసీదు, క్యాన్సిల్డ్ చెక్కు. ఇందులో పాత ఆర్‌సీ ఒరిజినల్‌ని ఇక్కడ ఇచ్చేస్తారు కాబట్టి, ఇచ్చే ముందు రెండు వైపులా కలర్‌లో స్కాన్ చేసి ఉంచుకోండి. రీఫండ్ ఆలస్యమవుతుంది, కాగితం లోపం ఉంటే ఇంకా ఆలస్యం.

12 నెలల గడువు గురించి ఒక మాట. అది నంబర్ మార్చుకోవడానికి కేంద్ర చట్టంలో ఉన్న గడువు. లైఫ్ ట్యాక్స్ రాష్ట్ర చట్టం కిందిది. రెంటినీ కలిపి చూడటం వల్లే రోడ్డు మీద తనిఖీల్లో గొడవలు. ఎప్పుడు వచ్చారో చూపించగలిగితే మాటలు తగ్గుతాయి. ఆ రోజు టోల్ గేట్లు పడిన ఫాస్టాగ్ స్టేట్‌మెంట్, అద్దె ఒప్పందం మొదటి పేజీ, సామాన్లు తెచ్చిన ప్యాకర్స్ బిల్లు ఫోన్‌లో ఉంచుకోండి. "మొన్ననే వచ్చాం" అని నోటితో చెప్తే ఎవరూ వినరు.

సెల్లార్_బీ2:
ఇక్కడ ఆర్టీఏలో జరిగేది సూటిగానే ఉంటుంది. ఫారం 27 (కొత్త నంబర్ దరఖాస్తు), ఎన్‌ఓసీ, పన్ను, అపాయింట్‌మెంట్ స్లాట్ బుక్ చేసుకుని బండితో సహా వెళ్లడం. లైట్ మోటార్ వెహికల్‌కి కేంద్ర నిబంధనల ఫీజు 600 రూపాయలు, దాని మీద రాష్ట్ర సర్వీసు చార్జీలు. ఇన్‌స్పెక్టర్ చాసిస్ నంబర్ చూస్తారు, రంగు ఆర్‌సీతో కలుస్తుందా చూస్తారు. బండికి వేరే రంగు ర్యాప్ చేయించి ఉంటే తీసేసి వెళ్లండి. ఆర్‌సీ 15 ఏళ్ల గడువు మొదటి రిజిస్ట్రేషన్ నుంచే లెక్క. కొత్త నంబర్ వచ్చింది కదా అని ఆయుష్షు పెరగదు, మీది 2036 వరకే.

బీమా_బాబాయ్:
కొత్త నంబర్ వచ్చిన మర్నాటి పనులు చాలామంది వదిలేస్తారు. ఇన్సూరెన్స్ పాలసీలో పాత నంబర్ ఉన్నంతకాలం క్లెయిమ్ వస్తే తలనొప్పే, టీజీ ఆర్‌సీ పంపి పాలసీలో నంబర్ మార్పు (ఎండార్స్‌మెంట్) చేయించుకోండి. బెంగళూరు, హైదరాబాద్ రెండూ బీమా ప్రీమియం లెక్కలో జోన్ ఏ లోనే ఉన్నాయి కాబట్టి జోన్ మారిందని ప్రీమియం పెరగదు. నో క్లెయిమ్ బోనస్ ఎక్కడికీ పోదు.

కొత్త నంబర్‌కి హై సెక్యూరిటీ ప్లేట్లు ఆర్డర్ చేయాలి. పాత ప్లేట్ల స్నాప్ లాక్ ఒకసారి విరగ్గొడితే మళ్లీ పనికిరాదు, కాబట్టి కొత్తవి చేతికొచ్చాకే పాతవి తీయించండి. అద్దం లోపల అంటించే మూడో ప్లేటు కూడా మారాలి, పెట్రోల్‌కి లేత నీలం. పొల్యూషన్ సర్టిఫికెట్ కొత్త నంబర్‌తో మళ్లీ తీసుకోవాలి.

ఫాస్టాగ్ పాత నంబర్‌తోనే ఉంచేస్తే టోల్ దగ్గర బ్లాక్‌లిస్ట్ అయ్యే ప్రమాదం ఉంది. జారీ చేసిన బ్యాంకుకి కొత్త ఆర్‌సీ పంపితే మారుస్తారు, లేదా కొత్త ట్యాగ్ ఇస్తారు. మీ కమ్యూనిటీ గేటు బూమ్ బారియర్ ఫాస్టాగ్ చదివి తెరుచుకునే రకమైతే, ట్యాగ్ మారిన రోజే సెక్యూరిటీ ఆఫీసులో కొత్తది ఎక్కించమనండి.

లీజుబండి:
ఇదే సమస్య అన్నా, కానీ ఆర్‌సీ లీజింగ్ కంపెనీ పేరు మీద ఉంది, నేను వాడుకునేవాణ్ణే. ఎన్‌ఓసీ నేను పెట్టొచ్చా?

ఫారం28:
మీరు పెట్టలేరు, ఆచరణలో ఆర్‌సీలో పేరున్నవాళ్ల దరఖాస్తే తీసుకుంటారు. లీజింగ్ కంపెనీకి మీ ఆఫీసు హెచ్ఆర్ ద్వారా రాయండి. తెలంగాణలో వాళ్లకి ఆఫీసు అడ్రస్ ఉంటే దాని మీద రిజిస్టర్ చేయిస్తారు, ఆ అడ్రస్‌ని బట్టే ఏ ఆర్టీఓ అనేది తేలుతుంది, మీ ఫ్లాట్‌ని బట్టి కాదు. ఇక్కడ పడే లైఫ్ ట్యాక్స్ ఎవరు భరిస్తారో లీజు ఒప్పందంలో చూసుకోండి, చాలావాటిలో వాడుకునేవాళ్ల మీదే రాసి ఉంటుంది. లీజు ఇంకో ఏడాదిలో అయిపోతుంటే ముట్టుకోకండి. పార్కింగ్ స్టిక్కర్ వరకైతే బండి మీకు కేటాయించినట్టు కంపెనీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం, అందులో బండి నంబర్, మీ పేరు, లీజు ముగిసే తేదీ ఉంటే సరిపోతుంది.