ఆఫీసు గేటు దగ్గర నంబర్ ప్లేట్ కెమెరాలు: భద్రత కోసమా, మన మీద నిఘా కోసమా?

గేటు4_స్కూటీ: మాది మాదాపూర్‌లో ఐటీ ఆఫీసు. 3 నెలల క్రితం గేటు దగ్గర నంబర్ ప్లేటు చదివే కెమెరాలు పెట్టారు. మన బండి రాగానే గేటు దానంతటదే లేస్తుంది, బాగుందనుకున్నాం. మొన్న అప్రైజల్‌లో మేనేజర్ ఒక షీట్ తెరిచాడు. నా స్కూటీ ఏ రోజు ఎన్నింటికి బయటికెళ్లిందో అంతా ఉంది. నేను 4:30కి వెళ్లి పాపని స్కూల్ నుంచి తెచ్చుకుంటాను, రాత్రి లాగిన్ అయి పని పూర్తి చేస్తాను. అది షీట్‌లో లేదు. ఇలా చేయొచ్చా?

నల్ల_పల్సర్: నంబర్ ప్లేటు ఉన్నదే అందరికీ కనబడటానికి. ట్రాఫిక్ పోలీసులు ఫొటో తీసి చలాన్ పంపడం లేదా?

గేటు4_స్కూటీ: కనబడటం వేరు, రాసిపెట్టుకోవడం వేరు. కిరాణా కొట్టాయన నన్ను రోజూ చూస్తాడు. ఎన్నింటికి వెళ్లానో పుస్తకంలో రాసుకుంటే ఊరుకుంటానా?

నల్ల_పల్సర్: ప్లేటు పబ్లిక్ అండీ. అంతే.

మియాపూర్_మెట్రో: కార్డు స్వైప్ చేసినా టైము రికార్డవుతుంది కదా?

గేటు4_స్కూటీ: స్వైప్ సంగతి చేరినప్పుడే చెప్పారు. కెమెరాల మెయిల్‌లో 'భద్రత కోసం' అని ఒక్క ముక్క.

సెక్షన్_7: గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు 9 మంది జడ్జీల ధర్మాసనం చెప్పింది. కంపెనీల విషయానికొస్తే 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చూడాలి. ఉద్యోగ అవసరాలకు, కంపెనీకి నష్టం రాకుండా చూసుకోవడానికి మన అనుమతి అక్కర్లేదని ఏడో సెక్షన్ అంటుంది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, కంపెనీల బాధ్యతల్లో చాలావాటికి 18 నెలల గడువిచ్చారు. రికార్డు ఎన్నాళ్లు ఉంచుతారు, ఎవరెవరు చూస్తారు అని హెచ్ఆర్‌ని రాతపూర్వకంగా అడగండి.

నల్ల_పల్సర్: చూశారా, చట్టమే వద్దనలేదు.

గేటు4_స్కూటీ: కంపెనీని ఇంతగా వెనకేసుకొస్తున్నారు, మీరు మేనేజరా?

నల్ల_పల్సర్: మాట జాగ్రత్త మేడం. మా తమ్ముడు ఒక టెక్ పార్కులో సెక్యూరిటీ గార్డు. బేస్‌మెంట్‌లో బైక్ పోతే వాడి జీతంలో కోశారు. ఆ బైకాయన అందరి ముందూ వాణ్ని దొంగ అన్నాడు. వాడి మాట విన్నవాడు లేడు. నిరుడు మళ్లీ ఒక బండి పోయింది. అప్పటికి కెమెరా ఉంది కాబట్టి వేరే గేటు నుంచి వెళ్లిందని తేలింది, వాడి ఉద్యోగం నిలబడింది. మీరు నిఘా అంటున్నది వాడికి ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం.

గేటు4_స్కూటీ: క్షమించండి, ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఒకటి చెప్పండి. ఆ రికార్డు మీ తమ్ముడు అడిగితే ఇచ్చారా?

నల్ల_పల్సర్: లేదు. వాళ్లే చూసి చెప్పారు.

గేటు4_స్కూటీ: నా షీట్ నాకివ్వమంటే కాన్ఫిడెన్షియల్ అన్నారు. నా బాధ కూడా అదే. కెమెరా తీసేయమని నేను ఎక్కడా అనలేదు, పైన మళ్లీ చదవండి. దొంగతనానికి పెట్టింది మేనేజర్ చేతికి వెళ్లకూడదు.

నల్ల_పల్సర్: ఈ రోజు మేనేజర్‌కి వద్దంటే రేపు అదే సాకుతో గార్డుకీ చూపించరు. నేను ఒప్పుకోను.

కొండాపూర్_కారు: మా ఆఫీసులో వచ్చే వారం పెడుతున్నారు. హెచ్ఆర్‌కి రాసిన మెయిల్ ఇక్కడ పెట్టండి, నేనూ పంపిస్తాను.