మౌంట్ అంటే ఎక్కించడమా, తగిలించడమా?

అందరికీ నమస్కారం. ఒక్క క్రియ గురించి మీ అభిప్రాయం కావాలి.

ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి మూడు నెలలైంది. ఆ "ఎక్కించి" అన్నది ఆలోచించకుండానే చేతికి వచ్చేసింది చూడండి. ఫోన్లో యాప్ అయినా, మెమరీ కార్డులో పాటలైనా మనం ఎక్కిస్తాం. ఇన్‌స్టాల్‌కి తెలుగు మాట ఎప్పుడో స్థిరపడిపోయింది. మరి మౌంట్‌కి, అంటే ఒక డిస్క్‌లో ఉన్నవి ఒక ఫోల్డర్‌లో కనబడేలా చేయడానికి? నిఘంటువు తెరిస్తే ఎక్కు, ఆరోహించు అని ఉంటుంది. దాన్ని పట్టుకుని నేను కూడా కొన్నాళ్ళు "డిస్క్ ఎక్కించు" అనే రాసుకున్నాను.

అక్క కూడా లినక్స్‌కి మారింది. ఒకరోజు ఫోన్ చేసి "పాటలు అనే ఫోల్డర్ ఉంది గానీ లోపల ఖాళీరా, అన్నీ పోయాయి" అంది. గొంతులో టెన్షన్. పాటలున్నది వేరే పార్టిషన్‌లో, అంటే డిస్క్‌లో విడిగా చేసిన భాగంలో. అది మౌంట్ కాలేదు, అంతే. "ఏం పోలేదక్కా, డిస్క్ ఎక్కించు చాలు" అన్నాను. మళ్ళీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయమంటున్నాననుకుని ఇంకా హడలిపోయింది. అప్పుడు నోటికొచ్చింది: "ఆ ఫోల్డర్ ఒట్టి కొక్కెం. దానికి డిస్క్ తగిలించాలి." వెంటనే అర్థమైంది ఆమెకి.

అప్పటి నుంచి ఈ మాట గురించే ఆలోచిస్తున్నాను. తగిలించడానికి రెండు కావాలి: దేన్ని, దేనికి. చొక్కాని కొక్కేనికి తగిలిస్తాం, సంచిని భుజానికి తగిలిస్తాం. మౌంట్ ఆజ్ఞ కూడా సరిగ్గా ఆ రెండే, అదే వరుసలో అడుగుతుంది: ముందు డిస్క్ పేరు, తర్వాత ఫోల్డర్ పేరు. క్రియ ఒక్కటే మనకు చివర వస్తుంది, దానికి మొదట. విండోస్‌లో సీ డ్రైవ్, డీ డ్రైవ్ అని విడివిడిగా చూసి అలవాటైన వాళ్ళకు లినక్స్‌లో మొదట తికమకపెట్టేది ఇదే. ఇక్కడ ఫోల్డర్లన్నీ కలిసి ఒకటే చెట్టు. ఏ డిస్క్ తెచ్చినా ఆ చెట్టులో ఏదో ఒక కొమ్మకు తగిలించాల్సిందే.

ఇంకో పోలిక కూడా కుదిరింది. ఖాళీగా లేని ఫోల్డర్‌కి డిస్క్ తగిలిస్తే ఫోల్డర్‌లో అంతకుముందున్న ఫైళ్ళు కనబడవు. పోవు, కనబడవు. చిలక్కొయ్యకు ఉన్న చొక్కా మీద ఇంకోటి తగిలిస్తే కిందిది కనిపిస్తుందా?

ఇంగ్లీషు మాటకు దాని కథ దానికుంది. ఒకప్పుడు టేపు చుట్టల్నీ డిస్కుల్నీ ఆపరేటర్ స్వయంగా తెచ్చి యంత్రానికి ఎక్కించేవాడు. లినక్స్‌కు నమూనా అయిన యూనిక్స్‌కి 1971లో వచ్చిన మొదటి మాన్యువల్లోనే మౌంట్ ఉంది. ఆ రోజులకు ఎక్కించడమే సరైన మాట. ఇప్పుడు మనం చేస్తున్న పని అది కాదు.

*

ఒక సభ్యురాలు: బాగుందండీ. కానీ "రెండు తగిలించాడు" అంటే కొట్టాడనేగా? పైగా పక్కనే తగలబెట్టడం ఉంది. జోడించు అంటే పోదా?

నా జవాబు: కొట్టడమనే అర్థం ఉంది, కాదనను. అయితే "ఈ ఫోల్డర్‌కి ఈ డిస్క్" అని రెండూ చెప్పాక ఆ అర్థం వచ్చే అవకాశం లేదండి. మీరు అనని ఇబ్బంది ఒకటి నాకు కనబడుతోంది: మౌంట్ కాలేదు అనడానికి "తగల్లేదు" అంటే అతకదు. "తగిలించలేకపోయాం" అనాలి. జోడించు అంటే మెయిల్‌కి ఫైల్ జోడించడం గుర్తొస్తుంది, జోడించింది అక్కడే ఉండిపోతుంది. తగిలించినది మళ్ళీ తీసేందుకే.

ఇంకో సభ్యుడు: అయితే అన్‌మౌంట్‌ని తీసెయ్యి అందామా?

నా జవాబు: వద్దండి, దయచేసి. తీసెయ్యి అంటే డిలీట్ అనుకుంటారు, అది ప్రమాదం. ఊడదీయి అన్నా పెన్‌డ్రైవ్‌ని లాగెయ్యమన్నట్టుంది, సరిగ్గా చేయకూడని పని అదే. కాపీ అయిపోయిందని తెర మీద కనిపించినా కొంత డేటా ఇంకా మెమరీలోనే ఉండొచ్చు, అన్‌మౌంట్ చేస్తేనే అదంతా డిస్క్‌లోకి చేరిందన్న భరోసా. నాకు "దించు" నచ్చింది. గోడకు తగిలించిన ఫోటోని దించుతాం, పొయ్యి మీద గిన్నెని దించుతాం. ఆ మాటలోనే జాగ్రత్త ఉంది.

అదే సభ్యుడు: బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ చేయాలో రాసే ఫైల్ ఎఫ్‌ఎస్‌ట్యాబ్. అందులో, డిస్క్ లేకపోయినా ఆగిపోవద్దని చెప్పే నోఫెయిల్‌కి కూడా ఒక మాట చెప్పండి మరి.

నా జవాబు: అది రాయనందుకు నేను మూల్యం చెల్లించాను. బూట్ అవ్వగానే బయటి హార్డ్ డిస్క్ తగిలించమని ఆ ఫైల్లో ఒక వరుస రాశాను, ఓ రోజు డిస్క్ పెట్టకుండా ఆన్ చేశాను. ఒకటిన్నర నిమిషం దాని కోసం ఎదురుచూసి, ఎమర్జెన్సీ మోడ్ అని నల్ల తెర మీద ఆగిపోయింది. ఆ వరుసను పట్టించుకోకుండా దాని ముందు హ్యాష్ గుర్తు పెట్టి రీస్టార్ట్ చేస్తే మామూలైంది. తర్వాత నోఫెయిల్ చేర్చి మళ్ళీ రాశాను. "దొరికితే తగిలించు" అంటే సరిపోతుంది.

నిన్న అక్క మళ్ళీ ఫోన్ చేసింది. "పెన్‌డ్రైవ్ దిగట్లేదురా, బిజీ అంటోంది." దించు అని నేను చెప్పాను గానీ దిగు అని ఎవరూ చెప్పలేదు, తనంతట తనే అనేసింది. చూస్తే ఆజ్ఞలు టైప్ చేసే టెర్మినల్ ఆ పెన్‌డ్రైవ్ ఫోల్డర్‌లోనే తెరిచి ఉంది. అందులోంచి బయటికి రమ్మన్నాను. "ఆ, దిగింది" అంది.